ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారాలా వద్దా? కొట్టు నంబరు, కాల్ రికార్డింగే నా బాధ

ఎరువులకొట్టు:

అందరికీ నమస్తే. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు, కాస్త పొడుగ్గా ఉంటది, ఏమనుకోవద్దు.

మాది నరసరావుపేట దగ్గర ఎరువులు, పురుగుమందుల కొట్టు. టచ్ ఫోన్లు వచ్చినకాడ్నుంచి ఆండ్రాయిడే వాడతన్నా. ఇప్పుడున్నది కొని నాలుగేళ్ళు దాటింది, పొద్దున ఫుల్ చార్జింగ్‌తో కొట్టు తీస్తే భోజనం వేళకి ముందే అయిపోవస్తంది, ఇక సాయంత్రం దాకా కౌంటర్ పక్కన ప్లగ్గుకి గాటికి కట్టేసిన గేదెలాగా పడుంటది. మార్చక తప్పదు. ఇదిలా ఉంటే డల్లాస్‌లో ఉండే మా చెల్లి సంక్రాంతికి వస్తంది, "అన్నయ్యా ఈసారి ఐఫోన్ 17 తెస్తా, ఆ డబ్బా వదిలెయ్, ఇక్కడ మేమంతా ఫేస్‌టైమ్‌లోనే మాట్లాడుకుంటాం, నువ్వూ వదినా తప్ప" అని నెల నుంచి ఒకటే పోరు. ఫేస్‌టైమ్ అంటే ఐఫోన్లో వచ్చే వీడియో కాల్. డబ్బులు నేనే ఇస్తా, ఊరికే కాదు.

నాకు గేములు గీములు అక్కర్లేదు. నా పనేంటో చెప్తా, చూసి మీరే చెప్పండి. నాకు రెండు సిమ్ములు. బీఎస్ఎన్ఎల్ నంబరు మా నాన్న టైమ్ నుంచి ఉంది, బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, రెండు మూడు ఊళ్ళలో గోడల మీద కూడా అదే రాసి ఉంది, అది పోతే కొట్టు పోయినట్టే. జియో సొంతానికి. రెండింటికీ రెండు వాట్సాప్‌లు ఒకే ఫోన్లో నడుస్తన్నయ్. రైతులు మిరప ఆకు ముడతొచ్చిందనో నల్లతామర పడిందనో ఫోటో తీసి పెడతారు, నేను చూసి మందు చెప్తా, అలా పోగై పోగై వాట్సాప్ ఒక్కటే 38 జీబీ అయ్యింది.

అన్నిటికన్నా ముఖ్యం కాల్ రికార్డింగ్. నా ఫోన్లో ప్రతి కాలూ దానంతటదే రికార్డ్ అవుతది, అవతలోళ్ళకి ఏ చప్పుడూ రాదు. పోయిన సీజన్లో ఒక పెద్దాయన "పది కట్టలు డీఏపీ ఆటోలో వెయ్యి" అని ఫోన్ చేశాడు, వేశా. సాయంత్రం లెక్కకాడికొచ్చి "నే చెప్పింది ఆరేగా" అన్నాడు. గొడవేం పెట్టుకోలా, ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టి ఆయన మాట ఆయనకే వినిపించా. రెండుసార్లు విని "పదే అన్నానే" అని నవ్వేసి రాసుకోమన్నాడు. ఖాతా మీద నడిచే వ్యాపారం అండీ, అరువు మాట మీదే ఉంటది, ఆ మాటకి సాక్ష్యం ఈ రికార్డింగే.

ఎరువులు అమ్మే పాస్ మిషన్ (వేలిముద్ర వేయించుకుని బిల్లు కొట్టేది) వేరేగా ఉంది కాబట్టి దానికి ఫోన్‌తో సంబంధం లేదు. ఇక తెలుగులో మైకు నొక్కి మాట్లాడితే టైప్ అవుతది కదా జీబోర్డ్‌లో, అదీ బాగా అలవాటు.

ఐఫోన్ వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి, మారితే ఏడుస్తానా?

ఊరికే_చూస్తా:

ఎనభై వేలు పెట్టి డీఏపీ లెక్కలు రాసుకోవడానికా బాబాయ్. పాత ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయించి, మిగిలిన డబ్బులతో బైకుకి టైర్లు మార్చుకో.

ప్లేనో_పెద్దాపురం:

పైన ఆయన మాట పట్టించుకోకండి. నేను మీ చెల్లెలుగారుండే ఊరికి పక్కనే ఉంటాను కాబట్టి ఈ విషయం ముందు చెప్పాలి, ఇది తెలియక మా ఇంట్లోనే ఒకళ్ళు ఇరుక్కున్నారు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 2022లో వచ్చిన 14 నుంచి సిమ్ పెట్టే ట్రే అన్నదే లేదు. పూర్తిగా ఈసిమ్మే, అంటే కార్డు లేకుండా కంపెనీ వాళ్ళు ఫోన్లోనే ఎక్కించే సిమ్. మీ బీఎస్ఎన్ఎల్ సిమ్ముని దూర్చడానికి చోటే ఉండదు! ఇండియాలో కొనే 17కి ఒక మామూలు సిమ్, ఒక ఈసిమ్ పడతాయి, దాంట్లో బీఎస్ఎన్ఎల్ కార్డు పెట్టుకుని జియోని ఈసిమ్ చేయించుకుంటే మీ రెండు నంబర్లూ నడుస్తాయి. (అక్కడైనా సరే ఐఫోన్ ఎయిర్ జోలికి మాత్రం పోకండి, అది ఏ దేశంలో కొన్నా ఈసిమ్ ఒక్కటే.)

మా నాన్నగారికి నేను 15 తీసుకెళ్ళాను, అప్పుడు ఈ ధ్యాసే లేదు. పెద్దాపురంలో ఇంటికెళ్ళి పెట్టె విప్పి ఆయన పిన్ను పట్టుకుని ఫోన్ చుట్టూ బొక్క కోసం వెతుకుతుంటే అప్పుడు వెలిగింది నాకు. ఆయన సిమ్ ఈసిమ్‌గా మార్చుకోడానికి కౌంటర్ చుట్టూ మూడు రోజులు తిరిగాం, ఈలోపు నా సెలవు అయిపోయింది.

పోనీ అక్కడ చవకా అంటే అదీ అంత లేదు. 17 అమెరికాలో 799 డాలర్లు, డల్లాస్‌లో దాని మీద 8.25 శాతం సేల్స్ టాక్స్, అంటే 865 దాకా అవుతుంది. డాలరు 90 వేసుకుంటే 78 వేలు. అదే ఫోన్, అదే 256 జీబీ, ఇండియాలో 82,900. ఏ బ్యాంకు కార్డు ఆఫరో తగిలితే ఆ ఐదు వేల తేడా కూడా పోతుంది. ఇంకోటి, ఇక్కడ చాలామంది నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల మీద తీసుకుంటారు, అలాంటివి డబ్బు మొత్తం కట్టేదాకా లాక్‌లో ఉంటాయి, మీ జియో పని చెయ్యదు. తెస్తే అన్‌లాక్డ్ తెమ్మనండి.

ఫేస్‌టైమ్ కోసమే అయితే ఒక మాట. 2021 నుంచి ఐఫోన్ ఉన్నవాళ్ళు లింకు పంపితే ఆండ్రాయిడ్ వాళ్ళు బ్రౌజర్‌లో తెరిచి మాట్లాడొచ్చు. మీ అంతట మీరు కాల్ మొదలెట్టలేరు, అంతే. అది ట్రై చేశారా?

ఇసుక_సిమెంటు:

రాజమండ్రిలో చిన్న కాంట్రాక్టులు చేస్తాను, ఐఫోన్‌కి మారి రెండేళ్ళు అవుతోంది. మీ కాల్ రికార్డింగ్ సంగతి నాకు బాగా తెలుసండి, నాదీ అదే గోల, ఫోన్లో చెప్పి ఇసుక దిగాక మాట మారుస్తారు.

ఐఫోన్‌లో రికార్డింగ్ అసలు లేదనేవాళ్ళ మాట పాతది. 2024 అక్టోబర్‌లో ఐఓఎస్ (ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) 18.1తో ఇచ్చారు. కానీ ఎలా ఇచ్చారో వినండి. కాల్ మాట్లాడుతుండగా మీరే బటన్ నొక్కాలి, దానంతటది అవదు. నొక్కగానే మూడు రెండు ఒకటి అని లెక్కపెట్టి, ఈ కాల్ రికార్డ్ అవుతోందని ఇద్దరికీ వినబడేట్టు ఒక ఆవిడ చెబుతుంది. ఆ గొంతు ఆపడానికి సెట్టింగ్ లేదు, వెతక్కండి, నేను వెతికాను. రికార్డింగ్ వెళ్ళి నోట్స్‌లో పడుతుంది.

నేను మొదటిసారి వాడింది మా మేస్త్రీ మీద. మాట్లాడుతూ బటన్ నొక్కాను, ఆవిడ ఇంగ్లీషులో అందుకుంది, అటు నుంచి "ఏదో కంపెనీ వాళ్ళు మధ్యలో దూరారండీ, మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాడు. మళ్ళీ చేశాడు, మళ్ళీ నొక్కాను, ఈసారి "నా ఫోన్ ఎవరో వింటున్నారండి బాబూ" అని సాయంత్రం దాకా ఎత్తలేదు. ఇప్పుడు నేను పద్ధతి మార్చుకున్నాను, మాట్లాడిన వెంటనే వాట్సాప్‌లో "రెండు యూనిట్ల ఇసుక, రేపు పొద్దున ఏడింటికి, రేటు ఇంత, సరేనా" అని పెట్టి అవతలివాళ్ళ చేత "సరే" అనిపించుకుంటాను. నా మనుషులు ఇరవై మంది, కాబట్టి కుదిరింది. మీకు సీజన్లో రోజుకి వంద కాల్స్ వస్తాయనుకుంటాను, ఆ ముసలాయన మెసేజ్ చూసి సరే అని కొడతాడా?

అలాగని ఆండ్రాయిడ్ అంటే అన్నిట్లోనూ చప్పుడు లేకుండా అవుతుందనీ అనుకోకండి. గూగుల్ డయలర్ (గూగుల్ వాళ్ళ కాల్స్ యాప్) ఉన్న ఫోన్లలో కూడా ఇలాగే గొంతు చెబుతుంది. బయట యాప్‌లతో కాల్స్ రికార్డ్ చేసుకునే దారి 2022 మేలో గూగుల్ మూసేసింది. కాబట్టి కొత్త ఫోన్ ఏది కొన్నా సరే, షాపులోనే సిమ్ వేసి ఒక కాల్ చేసి చూసుకుని మరీ కొనండి.

మిగతావన్నీ నాకు హాయిగానే ఉన్నాయి. బ్యాక్ బటన్ లేక మొదటి వారం వేళ్ళు కొరుక్కున్నాను, కొన్నిట్లో ఎడమ అంచు నుంచి లాగాలి, కొన్నిట్లో పైన మూల నొక్కాలి, ఇప్పటికీ ఒక్కోసారి తికమకే.

ఎరువులకొట్టు:

వామ్మో, సిమ్ ట్రే లేని సంగతి మా చెల్లికి కూడా తెలిసినట్టు లేదు. ప్లేనో గారూ చాలా థాంక్స్ అండీ, ఆ ఒక్క ముక్కతో నా డెబ్బై ఎనిమిది వేలు మిగిలేట్టున్నయ్. లింకు సంగతి తెలీదు, ఈ రాత్రికి చెల్లిని పంపమంటా.

ఇసుక గారూ, మీ మేస్త్రీ మాట చదివి కొట్లో ఒక్కణ్ణే నవ్వుకుంటన్నా. మా వాళ్ళయితే ఫోన్ పెట్టేసి నేరుగా పక్క కొట్టుకి పోతారు.

ఇక్కడ కొని మారతాననుకోండి. 38 జీబీ వాట్సాప్ వస్తదా? ఫోన్‌పే గీన్‌పే సంగతేంది?

రిపేర్_హనుమకొండ:

అన్నా నమస్తే, నాది హనుమకొండల మొబైల్ షాపు, నెలకు ఐదారు మందికి ఇట్ల మార్చిస్త. వాట్సాప్ వస్తది, కానీ వరుస తప్పితే రాదు. మస్తు మంది గూగుల్ డ్రైవ్‌ల బ్యాకప్ ఉంది కదా, ఐఫోన్‌ల లాగిన్ అయితే వచ్చేస్తది అనుకుంటరు. రాదన్నా. ఆ బ్యాకప్ ఐఫోన్‌కి అక్కరకు రాదు, దానికి ఐక్లౌడ్ల (ఆపిల్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోరేజి) ఉన్నదే కావాలె.

పాత ఫోన్ల ప్లే స్టోర్ నుంచి మూవ్ టు ఐఓఎస్ అని యాప్ ఏసుకోవాలె. ఐఫోన్ పెట్టెలకెళ్ళి తీసి మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆండ్రాయిడ్ నుంచి డేటా తెచ్చుకుంటవా అని అడుగుతది, అప్పుడే చెయ్యాలె. రెండూ ఒకటే వైఫైల ఉండాలె, రెండూ చార్జింగ్‌కి పెట్టాలె, పాత ఫోన్ తెర అస్సలు ఆఫ్ కావద్దు. వాట్సాప్‌ల అదే నంబర్ తోటి లాగిన్ కావాలె. కాల్ హిస్టరీ రాదు, చాట్లు, ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు వస్తయ్. 38 జీబీ అంటే రాత్రి పెట్టి పండుకో, మధ్యల పట్టుకుని చూడకు.

ఇంతెందుకు, నా సొంత ఫోనే మార్చుకునేటప్పుడు నేను తొందరపడ్డ. కొత్త ఫోన్ కదా అని ముందే మొత్తం సెట్ చేసుకుని, రింగ్‌టోన్ కూడా పెట్టుకుని, అప్పుడు యాదికొచ్చింది వాట్సాప్. మళ్ళ మొత్తం రీసెట్ కొట్టి మొదటికెళ్ళి చేసుకున్న. అందరికి చెప్పెటోణ్ణి నేనే గిట్ల చేసిన.

ఐక్లౌడ్ల ఫ్రీ 5 జీబీయే. గూగుల్‌ల 15 వస్తుండె. నీ వాట్సాప్ బ్యాకప్ కావాలంటే 50 జీబీకి నెలకు 75 రూపాయలు కట్టాలె, నీ 38 దాంట్ల సరిపోతది గానీ ఏడాదికి నిండుతది చూడు. ఫోటోలకు ఫికర్ లేదు, గూగుల్ ఫోటోస్ ఐఫోన్‌ల గూడ ఉంటది, లాగిన్ అయితే అన్నీ కనవడతయ్. కాంటాక్టులు మాత్రం మార్చే ముందు చూసుకో, సగం సిమ్ముల, సగం ఫోన్ల, సగం జీమెయిల్‌ల సేవ్ చేసి ఉంటరు మనోళ్ళు, అన్నీ జీమెయిల్‌లకు తెచ్చుకో.

రెండు వాట్సాప్‌ల కోసం ఆండ్రాయిడ్‌ల ఉన్నట్టు ఐఫోన్‌ల క్లోన్ యాప్ ఉండదు. కొట్టు నంబర్ బిజినెస్ వాట్సాప్‌ల, సొంత నంబర్ మామూలు దాంట్ల పెట్టుకుంటే సరిపోతది.

యూపీఐ ఇంకో లొల్లి. ఆండ్రాయిడ్‌ల నంబర్ మనదేనని చూసుకునే మెసేజ్ యాపే పంపుకుంటది, ఐఫోన్‌ల మెసేజ్ తెర తెరిచి ఊకుంటది, సెండ్ మనం నొక్కాలె. రెండు సిమ్ములున్నోళ్ళు బ్యాంకుల ఉన్న నంబర్ తోటే పోతుందా లేదా చూసుకుని నొక్కాలె, లేకుంటే ఫెయిల్, మళ్ళ ఫెయిల్. ఇంకా ముఖ్యం, ఫోన్ మార్చినంక కొన్ని రోజులు లిమిట్ పెడతరు, 5,000 దాటి పంపనియ్యరు. ఆండ్రాయిడ్‌కి 24 గంటలు, ఐఫోన్‌కైతే కొన్ని బ్యాంకులు 72 గంటలు పెడుతున్నయ్. లోడ్ వచ్చే రోజు మార్చకు, డీలర్‌కి డబ్బులు పంపలేక ఇబ్బంది పడతవు. నీ కౌంటర్ మీద క్యూఆర్‌కి పైసలు పడుడు ఆగదు, అది వేరే.

క్లస్టర్_డ్యూటీ:

నేను ఐఫోన్‌కి పోయి పద్నాలుగు నెలలకి వెనక్కి వచ్చినోణ్ణి, ఖమ్మం జిల్లా, ఫీల్డ్ డ్యూటీ. నాకు ఫోన్ మీద కంప్లయింట్ ఏం లేదు, కెమెరా సూపర్. నా కత ఏందంటే మా డిపార్ట్‌మెంట్ యాప్‌లు ప్లే స్టోర్‌ల కూడా ఉండవు, పై నుంచి ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) వాట్సాప్ గ్రూప్‌ల వేస్తరు, "అందరూ పాతది తీసేసి ఇది ఏసుకోండి, సాయంత్రంలోగా ఎంట్రీ కావాలె" అని. ఐఫోన్‌ల ఏపీకే ఎక్కదు. ఎనభై వేల ఫోన్ జేబుల పెట్టుకుని పక్కన కూర్చున్న కొలీగ్ ఎనిమిది వేల ఫోన్ అడుక్కున్న నేను. ప్రైవేట్ వ్యాపారం కాబట్టి మీకీ బాధ ఉండకపోవచ్చు.

ఒక మాట చెప్తా, ఆండ్రాయిడ్ అంటే రెండేళ్ళకే అప్‌డేట్లు ఆగిపోతయ్ అని భయపెడతరు, అది ఇప్పుడు అన్ని ఫోన్లకీ నిజం కాదు. పిక్సెల్ 8 నుంచి, సామ్‌సంగ్ ఎస్24 నుంచి ఏడేళ్ళు ఇస్తమని చెప్పిన్రు. ఐఫోన్ కూడా దాదాపు అంతే, 2018లో వచ్చిన ఎక్స్ఆర్‌కి 2025లో ఐఓఎస్ 26 రాలేదు. చవక ఫోన్లకి మాత్రం ఇంత ఉండదు, కొనే ముందు చూసుకోవాలె.

నన్నడిగితే కొట్టు ఫోన్‌నీ మీ ఫోన్‌నీ విడదీయండి. బీఎస్ఎన్ఎల్ సిమ్, కొట్టు వాట్సాప్, రికార్డింగ్, 38 జీబీ, అన్నీ ఇప్పుడున్న ఫోన్లనే ఉండనీయండి, దానికి బ్యాటరీ ఒకటి మార్పించండి, అది కొట్టు దాటి పోదు. ఎట్లాగూ ప్లగ్గుకే కట్టేసి ఉందన్నరుగా. సొంత నంబర్‌కి మీకు ఏది నచ్చితే అది కొనుక్కోండి. రాత్రి ఇంటికి పోయినంక కొట్టు ఫోన్ మోగదు, అదొక లాభం.

ఇసుక_సిమెంటు:

క్లస్టర్ గారి మాట నేను రెండేళ్ళ కిందట విని ఉంటే బాగుండేది.

తెలుగు టైపింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కదా. ఐఓఎస్ 18 నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే కీబోర్డు ఐఫోన్‌తోనే వస్తోంది, 18.4 నుంచి ఫోన్ మొత్తాన్ని తెలుగులో పెట్టుకోవచ్చు, మా అమ్మ ఫోన్లో పెట్టాను. సిరికి (మనం అడిగితే జవాబిచ్చే ఐఫోన్ సహాయకికి) మాత్రం పూర్తి తెలుగు రాదు, ఇంగ్లీషులో కలిపి మాట్లాడే తెలుగు మాటలు అర్థం చేసుకుంటుంది. మీకు మైకుతో పని కాబట్టి ఎవరి ఐఫోన్ అయినా రెండు రోజులు అడిగి తీసుకుని కొట్లో వాడి చూడండి, మా మాటల కన్నా అదే నయం.

ఎరువులకొట్టు:

అందరికీ దండాలు. జరిగింది చెప్తా.

మా బావమరిదిది ఐఫోన్, ఆదివారం అడిగి తీసుకున్నా. నా జియో సిమ్ తీసి దాంట్లో వేసి నాలుగు కాల్స్ చేశా. మొదటి కాల్ మా రొంపిచర్ల రైతుకే, బటన్ నొక్కా, ఆవిడ మొదలెట్టింది, ఆయన "ఎవరమ్మా నువ్వు" అని ఆవిడతోనే మాట్లాడబోయాడు. నా వల్ల కాలా, నవ్వాగక నేనే పెట్టేశా. తర్వాత ఆయనే చేసి "కొట్లో ఆడపిల్లని పెట్టావంటగా అబ్బాయ్" అన్నాడు. అక్కడితో రికార్డింగ్ సంగతి తేలిపోయింది.

కొట్టు ఫోన్ కొట్లోనే. నిన్న గుంటూరెళ్ళి బ్యాటరీ మార్పించా, రాత్రి ఎనిమిదింటికి ఇంకా నలభై ఉంది, నాకే నమ్మబుద్ది కాలా.

చెల్లికి ఫోన్ చేసి ట్రే సంగతి చెప్తే ముందు నమ్మలా, తన ఫోన్ తిప్పి చూసుకుని "అవునన్నయ్యా, ఎప్పుడూ చూడనేలేదు" అంది. వద్దులే అన్నా. ఊరుకుంటదా, "అయితే వదినకి తెస్తా, వదినది ఒకటే ఎయిర్‌టెల్ సిమ్ము కదా, ఈసిమ్ చేయించు, పిల్లల ఫోటోలన్నీ తీసేది వదినే" అంది. పక్కనుంచి మా ఆవిడ వింటానే ఉంది. ఇక నా మాట ఎవరు వింటారు! నాకేమో జియో నంబరుకి పాతికవేల లోపు ఏదో ఆండ్రాయిడ్ చూసుకుంటా, షాపులో కాల్ చేసి చూశాకే.

హనుమకొండ తమ్ముడూ, నువ్వు రాసిందంతా మా ఆవిడకి చదివి వినిపించా. వైఫై మా ఇంట్లో లేదు, కొట్లోనే ఉంది. ఆ రాత్రి రెండు ఫోన్లూ కొట్లో పెట్టి షట్టర్ వేసుకుని వస్తే పర్లేదా, లేక ఐఫోన్ హాట్‌స్పాట్‌కి పాత ఫోన్ కలిపినా పనవుతదా?

రిపేర్_హనుమకొండ:

హాట్‌స్పాట్ తోటి కూడ అయితది అన్నా. వదినమ్మ వాట్సాప్ ఎన్ని జీబీ ఉందో ముందు చూసి చెప్పు.